యాంటీబయాటిక్స్ ఇచ్చినా పేయర్స్ ప్యాచెస్ సంఖ్య మారలేదు, ఎందుకు?

పేగు_బెంచ్ (ప్రశ్న)

నమస్కారం అండి. సూక్ష్మజీవులు లేకుండా పెరిగిన ఎలుకల్లో రోగనిరోధక అవయవాలు సరిగా ఎదగవని ఇమ్యునాలజీ పుస్తకాలన్నీ చెబుతాయి. దాన్ని చిన్న స్థాయిలో చూపించడానికి పెట్టిన ప్రయోగం ఇది. 6 వారాల వయసున్న బీఎల్-6 (ప్రయోగశాలల్లో వాడే ఒక జాతి) ఆడ ఎలుకలు, రెండు బోన్లు, బోనుకు 5. ఒక బోనుకు తాగే నీళ్లలో లీటరుకు ఆంపిసిలిన్ 1 గ్రాము, నియోమైసిన్ 1 గ్రాము, మెట్రోనిడజోల్ 1 గ్రాము, వాంకోమైసిన్ అర గ్రాము కలిపి 4 వారాలు ఇచ్చాం. రెండో బోనుకు మామూలు నీళ్లే.

చివర్లో చిన్నపేగు తీసి పేయర్స్ ప్యాచెస్ (పేగు గోడలోని రోగనిరోధక కణాల గుంపులు) లెక్కపెడితే రెండు గుంపుల్లోనూ ఎలుకకు 7 నుంచి 10. తేడా ఏమీ లేదు. మందు తాగిన వాటిలో సీకం (పెద్దపేగు మొదట్లోని సంచి) బాగా ఉబ్బింది, ప్లీహం కాస్త చిన్నదైంది. మొదటి వారంలో ఒంటి బరువు కూడా తగ్గింది.

మందు సరిగా పనిచేయలేదా? లెక్కలో తేడా ఉందా? జర్మ్-ఫ్రీ ఎలుకలు, అంటే సూక్ష్మజీవులు లేకుండా పెంచినవి, లేనిదే ఇది చూపించలేమా?

అంకురం_ఈ15

మందు పనిచేసిందండి, ఉబ్బిన సీకమే అందుకు సాక్ష్యం. లెక్కలోనూ తప్పున్నట్టు లేదు. ఆ వయసు ఎలుకను అడగకూడని ప్రశ్న అడిగారు, అంతే.

పేయర్స్ ప్యాచెస్ పేగులో ఎక్కడెక్కడ రావాలో, ఎన్ని రావాలో తల్లి కడుపులోనే తేలిపోతుంది. ఎలుక గర్భం మూడు వారాలు. అందులో 15వ రోజు దాటాక పిండం పేగు గోడలో ఎల్‌టీఐ కణాలు (లింఫాయిడ్ కణజాలానికి పునాది వేసే కణాలు) గుంపులు కట్టడం మొదలుపెడతాయి. ఈ కణాలు పుట్టాలంటే ఆర్‌ఓఆర్-గామా-టీ అనే ప్రొటీన్ ఉండాలి. వీటి ఉపరితలం మీది లింఫోటాక్సిన్ అనే సంకేత ప్రొటీన్, పక్కనున్న స్ట్రోమా (ఆధార) కణాల మీది లింఫోటాక్సిన్-బీటా గ్రాహకానికి తగలగానే ఆ స్ట్రోమా కణాలు కణాలను పట్టి ఉంచే వీక్యామ్-1ను, కణాలను ఆకర్షించే సీఎక్స్‌సీఎల్-13ను తయారుచేసి మరిన్ని కణాలను రప్పిస్తాయి. ఆ గ్రాహకం జన్యువు తీసేసిన ఎలుకకు ఎన్ని బ్యాక్టీరియా పట్టించినా పేయర్స్ ప్యాచ్ రాదు. జర్మ్-ఫ్రీ ఎలుకకేమో ప్యాచెస్ ఉంటాయి, కానీ చిన్నగా ఉంటాయి, జర్మినల్ సెంటర్లు (బీ కణాలు విభజన చెంది పదునెక్కే చోట్లు) నామమాత్రం. లామినా ప్రోప్రియాలో (పేగు ఎపిథీలియం కింది పొరలో) ఐజీఏ యాంటీబాడీ తయారుచేసే ప్లాస్మా కణాలు కూడా చాలా తక్కువ.

కాబట్టి ప్యాచ్‌ల సంఖ్య కంటే ప్యాచ్ లోపల ఏముందో చూడండి: ప్యాచ్‌కు ఎన్ని ఫాలికిల్స్ (బీ కణాల ముద్దలు), మొత్తం ఎన్ని కణాలు, బీ220 ఉన్న కణాల్లో (అంటే బీ కణాల్లో) జీఎల్-7, సీడీ-95 అనే జర్మినల్ సెంటర్ గుర్తులు రెండూ ఉన్నవి ఎంత శాతం. తేడా ఉంటే అక్కడ దొరుకుతుంది.

సంఖ్యే కావాలంటే ఐసోలేటెడ్ లింఫాయిడ్ ఫాలికిల్స్, అంటే ఐఎల్‌ఎఫ్‌లు లెక్కపెట్టండి. ఇవి పుట్టిన తరువాత క్రిప్టోప్యాచెస్ అనే చిన్న కణాల గుంపుల నుంచి ఎదుగుతాయి. చిన్నపేగులో క్రిప్టోప్యాచెస్ సుమారు 1,500 ఉంటాయి, వాటిలో కొన్నే ఐఎల్‌ఎఫ్‌లవుతాయి. ఆ కొన్నింటికి సూక్ష్మజీవుల సంకేతం కావాలి. గ్రామ్-నెగటివ్ బ్యాక్టీరియా గోడలోని పెప్టిడోగ్లైకాన్ ముక్కను పేగు ఎపిథీలియంలోని నాడ్-1 అనే గ్రాహకం గుర్తిస్తే సీసీఎల్-20 అనే ఆకర్షక ప్రొటీన్ వెలువడుతుంది, దాని గ్రాహకం సీసీఆర్-6 ఉన్న కణాలు ఆ దారిన వచ్చి చేరతాయి. ఈ దారిని 2008లో స్పష్టంగా చూపించారు. జర్మ్-ఫ్రీ ఎలుక చిన్నపేగులో పక్వమైన ఐఎల్‌ఎఫ్‌లు దాదాపు ఉండవు. పెద్దపేగు లెక్క మాత్రం ఇందులో కలపకండి, అక్కడి ఫాలికిల్స్ నియమాలు వేరు.

ఇంకో మెలిక దాణా. ఐఎల్‌ఎఫ్‌లకు ఏహెచ్‌ఆర్ అనే కణ గ్రాహకం సంకేతం కూడా అవసరం, దానికి కావలసిన పదార్థాలు క్యాబేజీ జాతి కూరగాయల్లాంటి మొక్కల ఆహారం నుంచి వస్తాయి. ఒక గుంపుకు ధాన్యాలతో చేసిన దాణా, ఇంకో గుంపుకు శుద్ధి చేసిన పదార్థాలతో కూర్చిన దాణా పెడితే ఐఎల్‌ఎఫ్ తేడా వస్తుంది. దాన్ని సూక్ష్మజీవుల ఖాతాలో రాసేస్తారు.

మందుల_సీసా

పై జవాబుతో ఏకీభవిస్తూనే ప్రయోగం కట్టిన తీరు మీద రెండు అభ్యంతరాలు.

ఒకటి, బరువు తగ్గడం. మెట్రోనిడజోల్ చేదు. ఎలుకలు నీళ్లు మానేస్తాయి, దాంతో తిండి కూడా తగ్గుతుంది. నీళ్లు, తిండి తగ్గిన ఎలుకలో స్ట్రెస్ హార్మోన్ పెరిగి థైమస్, ప్లీహం కుంచించుకుపోతాయి. మీకు కనిపించిన చిన్న ప్లీహం బ్యాక్టీరియా లేనందువల్లా, దాహం వల్లా అన్నది ఈ డేటాతో విడదీయలేరు. రోజూ సీసా తూకం వేసి ఎంత తాగాయో రాయండి. తీపి కలిపితే కంట్రోల్ నీళ్లలోనూ అంతే కలపాలి. బరువు 15 శాతం పడితే ఆపాలన్న నియమం ముందే రాసిపెట్టుకోండి, ఐఏఈసీ (సంస్థలోని జంతు ప్రయోగాల నైతిక కమిటీ) కూడా అడుగుతుంది.

నీళ్ల దారి కుదరకపోతే గావేజ్ (సూదితో నోటి గుండా నేరుగా కడుపులోకి పోయడం) దారి ఉంది. వాంకోమైసిన్ మి.లీ.కు 5 మి.గ్రా., నియోమైసిన్ 10 మి.గ్రా., మెట్రోనిడజోల్ 10 మి.గ్రా., ఒంటి బరువు కిలోకు 10 మి.లీ. చొప్పున 12 గంటలకోసారి. 25 గ్రాముల ఎలుకకు పావు మి.లీ. అవుతుంది. ఆంపిసిలిన్ ఒక్కటే నీళ్లలో లీటరుకు 1 గ్రాము ఉంచుతారు. దీనికి 3 రోజుల ముందు నుంచే ఆంఫోటెరిసిన్-బీ మి.లీ.కు 0.1 మి.గ్రా. గాఢతలో మొదలుపెట్టి కొనసాగిస్తారు. లేకపోతే బ్యాక్టీరియా ఖాళీ చేసిన చోటును కాండిడా ఆక్రమిస్తుంది, మీరు కొలిచేది ఫంగస్ ప్రభావం అవుతుంది. ఆ మోతాదులో మెట్రోనిడజోల్ పూర్తిగా కరిగే అంచు మీద ఉంటుంది, సిరంజిలోకి తీసే ప్రతిసారీ బాగా కుదపాలి. సూది 20 లేదా 22 గేజ్, కొసన గుండు ఉన్నదే వాడాలి. రోజుకు రెండుసార్లు గావేజ్ అంటే కంట్రోల్ గుంపుకూ రెండుసార్లు నీళ్ల గావేజ్ తప్పనిసరి.

ఆంపిసిలిన్ నీళ్లలో నిలవ ఉండదు, 3 రోజులకోసారి మార్చాలి. సీసాకు ఫాయిల్ చుట్టండి.

రెండోది ఇంకా పెద్ద అభ్యంతరం. గుంపుకు ఒకే బోను. ఎలుకలు ఒకదాని పెంటికలు ఇంకొకటి తింటాయి, వారం తిరిగేలోపు బోనంతా ఒకే మైక్రోబయోటా అవుతుంది. మీ దగ్గర 5 ఎలుకలున్నా గణాంకాల్లో ఒకటే. గుంపుకు కనీసం 3, 4 బోన్లు ఉండాలి. ఒకే ఈత పిల్లల్ని రెండు గుంపులకూ పంచి వేయాలి.

తగ్గుదల నిజంగా ఉందని చూపించడానికి ఏరోబిక్ ప్లేట్ ఒక్కటే చాలదు. పేగులో ఎక్కువ భాగం ఆక్సిజన్ తగిలితే చచ్చేవే. అనేరోబిక్ కల్చర్, దానితోపాటు పెంటికల మి.గ్రా.కు 16ఎస్ (బ్యాక్టీరియాకు గుర్తుగా వాడే జన్యువు) క్యూపీసీఆర్, రెండూ చేయండి. పీసీఆర్‌లో కొంత సిగ్నల్ మిగలడం మామూలే, చచ్చిన బ్యాక్టీరియా డీఎన్‌ఏ, దాణాలోని డీఎన్‌ఏ కూడా అందులో పడతాయి.

పేగు_బెంచ్

ఇద్దరికీ ధన్యవాదాలు. బోన్ల సంగతి అర్థమైంది. ఐఎల్‌ఎఫ్‌లు మామూలు కంటికి కనిపించవు కదా. పారాఫిన్ సెక్షన్లలో లెక్కపెట్టవచ్చా? ఫ్లో సైటోమెట్రీలో (కణాలను విడదీసి ఒక్కొక్కటిగా లేజర్‌తో లెక్కపెట్టే పద్ధతిలో) పట్టుకోవచ్చా?

హోల్‌మౌంట్

సెక్షన్లలో వద్దు. 5 మైక్రాన్ల ముక్కలో ఐఎల్‌ఎఫ్ తగలడం అదృష్టం, తగిలినా దాని మధ్యభాగమో అంచో తెలియదు. అంచు తగిలితే పెద్దది కూడా చిన్నదిగా కనిపిస్తుంది. ఫ్లోలో అయితే కణాలన్నీ కలిసిపోతాయి, ఏ కణం ఫాలికిల్ నుంచి వచ్చిందో చెప్పలేరు. హోల్‌మౌంట్ చేయండి, అంటే సెక్షన్లు కోయకుండా పేగును పరిచి రంగు వేసి చూడటం.

చిన్నపేగును చల్లటి పీబీఎస్‌తో లోపల కడిగి, మెసెంటరీ (పేగును పట్టి ఉంచే పొర) అంటుకున్న వైపు నిలువునా కోయండి. ఐఎల్‌ఎఫ్‌లు, పేయర్స్ ప్యాచెస్ దానికి ఎదురు వైపు ఉంటాయి, అటు కోస్తే సరిగ్గా వాటి మీదే కత్తెర పడుతుంది. తెరిచిన పేగును ఈడీటీఏ 5 మిల్లీమోలార్ ఉన్న హాంక్స్ ద్రావణంలో 37 డిగ్రీల వద్ద 10 నిమిషాల చొప్పున మూడుసార్లు కుదిపితే ఎపిథీలియం, మ్యూకస్ ఊడిపోతాయి. ఈ దశ తగ్గిస్తే యాంటీబాడీ మ్యూకస్‌కు అంటుకుని పేగంతా గోధుమరంగులో మురికిగా తేలుతుంది. తరువాత మైనం పలక మీద లోపలి వైపు పైకి ఉండేలా గుండుసూదులతో లాగి పరిచి, 10 శాతం ఫార్మలిన్‌లో గంట. లాగకుండా ఫిక్స్ చేస్తే పేగు చుట్టుకుపోయి మళ్లీ తెరుచుకోదు. 1 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో పేగులో సహజంగా ఉన్న పెరాక్సిడేజ్‌ను అణచివేసి, బ్లాక్ చేసి, బీ220 యాంటీబాడీలో 4 డిగ్రీల వద్ద రాత్రంతా ఉంచాలి. మర్నాడు పెరాక్సిడేజ్ కలిపిన సెకండరీ యాంటీబాడీ, ఆపై గోధుమరంగు ఇచ్చే డీఏబీ. స్టీరియో మైక్రోస్కోప్ కింద గోధుమరంగు చుక్కలు లెక్కపెట్టడమే.

ఆరోగ్యంగా ఉన్న పెద్ద ఎలుక చిన్నపేగులో 100 నుంచి 200 దాకా ఐఎల్‌ఎఫ్‌లు చూపించిన లెక్కలున్నాయి. మీ కంట్రోల్స్‌లో పదో ఇరవయ్యో వస్తే జీవశాస్త్రం గురించి ఆలోచించకముందు ఈడీటీఏ దశ చూసుకోండి.

చుక్క ఏదో పేరు పెట్టడంలో గొడవలొస్తాయి. బీ220 లేకుండా సీ-కిట్ (అపక్వ కణాల గుర్తు) మాత్రమే ఉంటే క్రిప్టోప్యాచ్. బీ కణాలు పలుచగా ఉంటే అపక్వ ఐఎల్‌ఎఫ్. గుమ్మటంలా పైకి ఉబ్బి, దట్టంగా ఉంటే పక్వమైనది. రెండు మూడు ఫాలికిల్స్ అంటుకుని ఉంటే అది చిన్న పేయర్స్ ప్యాచా, పెద్ద ఐఎల్‌ఎఫ్ గుంపా? ఎన్ని ఫాలికిల్స్ దాటితే ప్యాచ్ అంటారో ముందే రాసుకోండి. లెక్కపెట్టే మనిషికి ఏ గుంపో తెలియకూడదు.

ఫ్లో ఎలాగూ చేస్తారు కాబట్టి ఒక హెచ్చరిక. లామినా ప్రోప్రియా కణాలు తీసేముందు పేయర్స్ ప్యాచెస్ ఒక్కటీ వదలకుండా కోసి తీసేయాలి. కంట్రోల్ ఎలుకలో ప్యాచ్ పెద్దది, సులువుగా కనిపిస్తుంది, తీసేస్తారు. మందు తాగినదానిలో చిన్నది, కంటపడదు, లోపలే ఉండిపోతుంది. దాంతో మందు గుంపులో బీ కణాలు ఎక్కువున్నట్టు తేలుతుంది, అసలు నిజానికి సరిగ్గా ఉల్టా.

ఐసోలేటర్_షిఫ్ట్

జర్మ్-ఫ్రీ లేనిదే కుదరదా అన్న ప్రశ్న మిగిలిపోయింది. కుదురుతుంది, కానీ యాంటీబయాటిక్ ఎలుక, జర్మ్-ఫ్రీ ఎలుక ఒకటి కావు. మొదటిది సూక్ష్మజీవులతో పెరిగి తరువాత పోగొట్టుకున్నది, రెండోది పుట్టుక నుంచీ ఎరగనిది. అవయవం ఎదుగుదల గురించి మాట్లాడాలంటే రెండోదే సరైనది.

అలాగని జర్మ్-ఫ్రీ అంటే యాంటిజెన్‌లు లేనిదని కాదు. దాణాను 50 కిలోగ్రేలతో రేడియేషన్ చేసినా, ఆటోక్లేవ్ చేసినా చచ్చిన బ్యాక్టీరియా ముక్కలు, ఎండోటాక్సిన్, ఆహార ప్రొటీన్లు అందులోనే ఉంటాయి. ఆటోక్లేవ్ వేడికి థయమిన్, విటమిన్-ఏ కూడా పోతాయి. విటమిన్-కే తయారుచేసి పెట్టే బ్యాక్టీరియా ఎలాగూ లేవు. అందుకే జర్మ్-ఫ్రీ కోసం ఈ విటమిన్లు అదనంగా కలిపిన దాణా వేరే అమ్ముతారు. కంట్రోల్ ఎలుకలకూ అదే దాణా, అదే విధంగా స్టెరిలైజ్ చేసి పెట్టాలి. ఎల్‌టీఐ కణాలకు రెటినాయిక్ ఆమ్లం కావాలి, తల్లి ఆహారంలో విటమిన్-ఏ తగ్గితే పిల్లల లింఫ్ నోడ్స్, పేయర్స్ ప్యాచెస్ చిన్నవవుతాయని 2014లో చూపించారు. దాణా తేడాను పట్టించుకోకపోతే ఇక్కడ దెబ్బ తింటారు.

అంకురం గారు చెప్పిన ‘అంతా కడుపులోనే’ అన్నదానికి చిన్న సవరణ. పిండం పేగులో బ్యాక్టీరియా లేకపోయినా తల్లి పేగులోని బ్యాక్టీరియా ఉత్పత్తులు పిండాన్ని చేరతాయి. 2016లో జర్మ్-ఫ్రీ తల్లులకు గర్భంలో హెచ్‌ఏ-107 అనే ఈ. కోలై ఇచ్చారు. అది పేగులో పెరగలేదు, కొద్ది రోజుల్లో తుడిచిపెట్టుకుపోయి తల్లి మళ్లీ జర్మ్-ఫ్రీ అవుతుంది. అయినా ఆ తల్లులకు పుట్టిన పిల్లల పేగులో ఐఎల్‌సీ-3 కణాలు (ఎల్‌టీఐ కణాల కుటుంబానివి) పెరిగాయి. ప్యాచ్‌ల సంఖ్య మారుతుందని కాదు, కానీ కడుపులో ఉన్న కాలం సూక్ష్మజీవులకు పూర్తిగా మూసిన తలుపని రాయకండి.

ఏ సూక్ష్మజీవి అన్నది ఇంకో పెద్ద ప్రశ్న. ఎస్‌ఎఫ్‌బీ, అదే పేగు గోడకు దారాల్లా అంటుకునే బ్యాక్టీరియా, ఒక్కటి పెట్టినా చాలు, ఇలియం (చిన్నపేగు చివరి భాగం) కొసన టీహెచ్-17 అనే రకం టీ కణాలు వస్తాయి, పేయర్స్ ప్యాచెస్‌లో జర్మినల్ సెంటర్లు మొలుస్తాయి, ఐజీఏ పెరుగుతుంది. టీహెచ్-17 సంగతి 2009లో బయటపడింది. అప్పట్లో టకోనిక్ అనే ఎలుకల సరఫరా సంస్థ నుంచి వచ్చిన బీఎల్-6 ఎలుకల్లో ఎస్‌ఎఫ్‌బీ ఉంది, జాక్సన్ అనే ఇంకో సంస్థ నుంచి వచ్చినవాటిలో లేదు. స్ట్రెయిన్ పేరు ఒకటే, రోగనిరోధక వ్యవస్థ వేరు. మీ కాలనీలో ఎస్‌ఎఫ్‌బీ ఉందో లేదో ప్రత్యేక ప్రైమర్లతో పీసీఆర్ చేసి తెలుసుకోండి. అసలే లేకపోతే మీ కంట్రోల్స్‌లోనే ప్యాచెస్ కొంత నిద్రలో ఉన్నట్టు, మందు గుంపుతో తేడా తగ్గిపోతుంది. దానికి వయసు కూడా ముఖ్యం: పాలు మానిన కొత్తలో అది ఎక్కువగా ఉంటుంది, తరువాత తగ్గిపోతుంది.

మనుషుల మలం ఎక్కిస్తే సరిపోతుందనుకునేవాళ్లకు ఒక మాట. 2012లో జర్మ్-ఫ్రీ ఎలుకలకు మనుషుల మైక్రోబయోటా ఎక్కించారు. బ్యాక్టీరియా సంఖ్య ఎలుక మైక్రోబయోటా ఎక్కించినవాటితో సమానంగానే పెరిగింది, కానీ పేగులో టీ కణాలు జర్మ్-ఫ్రీ స్థాయి దగ్గరే ఉండిపోయాయి. దగ్గరి చుట్టమే అయిన ర్యాట్ మైక్రోబయోటా కూడా ఆ పని చేయలేకపోయింది. ఎక్కించేది చుంచెలుకదే (మనం ఇక్కడ ఎలుక అంటున్న మౌస్‌దే) అయి ఉండాలి. తాజా పెంటికలను, 0.05 శాతం సిస్టీన్ కలిపిన పీబీఎస్‌లో ఒకటికి పది చొప్పున అనేరోబిక్ చాంబర్‌లో మెదిపి, 70 మైక్రాన్ల జల్లెడ పట్టి, 200 మైక్రోలీటర్లు గావేజ్.

పశువైద్య_పాథ్

అందరూ ఎలుక దగ్గరే ఆగిపోయారు. సూక్ష్మజీవి లేకపోతే అవయవం నిజంగానే ఎదగదని చూపించడానికి కుందేలు అపెండిక్స్‌ను మించినది లేదు.

కుందేలు పుట్టేటప్పటికి దాని యాంటీబాడీల వైవిధ్యం చాలా తక్కువ. ఎక్కువ బీ కణాలు ఒకే వీహెచ్ జన్యువును (యాంటీబాడీలో ఒక భాగానికి సంబంధించినది) వాడతాయి. తరువాత కొన్ని వారాల్లో అపెండిక్స్, సాక్యులస్ రోటండస్ (చిన్నపేగు చివరనున్న లింఫాయిడ్ సంచి), పేయర్స్ ప్యాచెస్‌లలో బీ కణాలు విపరీతంగా విభజన చెంది, జీన్ కన్వర్షన్ (ఒక జన్యువు ముక్కను ఇంకోదానిలోకి నకలు చేయడం) ద్వారా వైవిధ్యం తెచ్చుకుంటాయి. ఆ విభజనకు పేగు బ్యాక్టీరియా కావాలి. పుట్టగానే అపెండిక్స్ మూతిని కట్టేసి, రక్తనాళాలను మాత్రం ముట్టుకోకుండా వదిలితే, అదే జంతువులో మిగతా పేగంతా బ్యాక్టీరియాతో నిండినా అపెండిక్స్ ఫాలికిల్స్ ఎదగవు. 2004లో ఆ కట్టిన అపెండిక్స్‌లోకి ఒక్కొక్క బ్యాక్టీరియాను పంపి చూశారు. బాక్టీరాయిడిస్ ఫ్రాజిలిస్ ఒక్కటే పెడితే ఎదుగుదల లేదు, బాసిల్లస్ సబ్టిలిస్ ఒక్కటే పెట్టినా లేదు, రెండూ కలిపితే వచ్చింది. స్పోర్ తయారీకి కీలకమైన స్పో-జీరో-ఏ జన్యువు లేని సబ్టిలిస్‌ను ఫ్రాజిలిస్‌తో కలిపినా రాలేదు. అంటే యాంటిజెన్ ఏదో ఒకటి తగిలితే చాలన్న వాదన అక్కడ నిలబడదు.

కట్టేటప్పుడు రక్తనాళం నలిగితే అపెండిక్స్ చివికిపోతుంది. అప్పుడు ఎదగకపోవడానికి కారణం రక్తం అందకపోవడం. అందుకే కట్టి, మళ్లీ బ్యాక్టీరియా ఇచ్చి ఎదిగినట్టు చూపించిన గుంపు లేకుండా ఆ ఫలితాన్ని నమ్మకూడదు.

కోడి బర్సా (మలద్వారం దగ్గర బీ కణాలు ఎదిగే సంచి) దీనికి మధ్యరకం. గుడ్డులో 21 రోజుల్లో 8 నుంచి 14 రోజుల మధ్య మూలకణాలు బర్సాలోకి చేరతాయి, ఫాలికిల్స్ బ్యాక్టీరియా లేకుండానే ఏర్పడతాయి. పొదిగిన తరువాత మలద్వారం గుండా పేగు పదార్థం బర్సాలోకి పీల్చుకుంటుంది. ఆ నాళాన్ని కట్టేస్తే తరువాతి పెరుగుదల తగ్గుతుంది. కమర్షియల్ పిల్లలతో చేసేవాళ్లు గంబోరో అనే వైరస్ జబ్బు సంగతి మరవద్దు. ఆ వైరస్ నేరుగా బర్సా బీ కణాలనే చంపుతుంది, వ్యాక్సిన్లలో కొంచెం ఘాటైనవి కూడా బర్సాను కుదిస్తాయి. బర్సా చిన్నగా కనిపిస్తే ముందు దాన్ని కొట్టిపారేసి ఆ తరువాతే మైక్రోబయోటా గురించి మాట్లాడాలి.

పేగు_బెంచ్

కుందేలు మా వసతిలో వీలుపడదు. అందరి సూచనలు కలిపి ఎలుకలోనే ఇలా అనుకుంటున్నా: గర్భం చివరి వారం నుంచి తల్లి నీళ్లలో మందు, పిల్లలకు 3 వారాల తరువాత అవే నీళ్లు, 5వ వారంలో కోత. ఇంకో గుంపుకు 3వ వారంలో మందు ఆపి పెంటికల గావేజ్. ఐఎల్‌ఎఫ్‌లు హోల్‌మౌంట్‌లో, ప్యాచ్ జర్మినల్ సెంటర్లు ఫ్లోలో. సరిపోతుందా?

అంకురం_ఈ15

చాలా మెరుగు. మూడు సర్దుబాట్లు.

మందు ఆపిన రోజే గావేజ్ చేస్తే కడుపులో మిగిలిన మందు ఎక్కించిన బ్యాక్టీరియాను చంపేస్తుంది. బోను, సీసా, బెడ్డింగ్ మార్చి 48 గంటలు ఆగి ఇవ్వండి, మర్నాడు ఇంకోసారి. ఎక్కిందో లేదో వారానికి 16ఎస్ చూడండి.

మూడో గుంపు ఒకటి కావాలి: 8వ వారం దాకా మందు, అప్పుడు ఎక్కించి 11వ వారంలో కోత. ఐఎల్‌ఎఫ్‌లు, ప్యాచ్ జర్మినల్ సెంటర్లు పెద్ద వయసులో ఎక్కించినా చాలావరకు కోలుకుంటాయి. అన్నీ అలా కావు. పెద్దపేగులో, ఊపిరితిత్తుల్లో ఐఎన్‌కేటీ కణాలు (ఒక ప్రత్యేక రకం టీ కణాలు) జర్మ్-ఫ్రీ ఎలుకలో అతిగా పేరుకుంటాయి. పుట్టిన కొత్తలో బ్యాక్టీరియా ఎక్కిస్తేనే తగ్గుతాయి, పెద్దయ్యాక ఎక్కిస్తే తగ్గవని 2012లో తేలింది. రక్తంలో ఐజీఈ (అలర్జీలకు సంబంధించిన యాంటీబాడీ) కూడా అంతే, పాలు మానే వయసు దాటితే చేయి దాటినట్టే. థైమస్‌లో మెయిట్ కణాలది (ఇవీ ఒక రకం టీ కణాలే) ఇంకో తీరు. బ్యాక్టీరియా రైబోఫ్లావిన్ తయారీలో పుట్టే చిన్న అణువు పేగు నుంచి థైమస్‌కు చేరితే తప్ప అవి ఎదగవు, జర్మ్-ఫ్రీలో దాదాపు ఉండవు. అదే ఎలుక నుంచి థైమస్, పెద్దపేగు, సీరమ్ తీసి దాస్తే అదనంగా ఒక్క జంతువు కూడా పోదు. నవజాత పిల్లలు, 8 వారాల గుంపు కొత్తగా చేరుతున్నాయి కాబట్టి ఐఏఈసీకి సవరణ ముందే పెట్టండి.

మూడోది, లెక్కకు యూనిట్ ఇక తల్లి. ఒక ఈతలో 7 పిల్లలున్నా గణాంకాలకు ఒక్కటే. గుంపుకు కనీసం 4 తల్లులు లేకుండా మొదలుపెట్టకండి. వాంకోమైసిన్, నియోమైసిన్ తల్లి పేగు నుంచి రక్తంలోకి దాదాపు పోవు, ఆంపిసిలిన్, మెట్రోనిడజోల్ పోతాయి, పాలలోకీ చేరతాయి. తల్లి నీళ్లు తగ్గిస్తే పాలు తగ్గి పిల్లలు బక్కచిక్కుతాయి కాబట్టి పిల్లల బరువు రెండు రోజులకోసారి రాయండి. ఒక గుంపు పిల్లలు వెనకబడితే తల్లికి మెట్రోనిడజోల్ మానేసి మిగతా మూడింటితో నడపడమే మేలు. అనేరోబ్స్ కొంత మిగులుతాయి. ఆకలితో ఎండిన పిల్ల థైమస్‌ను కొలిచి మోసపోవడం కన్నా అది నయం.